చిమ్నీ అవతల

మా ఆఫీసులో ఏటా శరత్కాలం మొదట్లో వాతావరణం మీద ఒక అంచనా రాస్తాం. రాస్తాం అనడం మర్యాదకి. రాసేది నేను, సంతకం పెట్టేది పై గదిలో ఉండే పెద్దాయన. అందులో మూడు పేరాలుంటాయి. మొదటిది నేల మీద తిరిగేవాళ్లకి, రెండోది విమానాల వాళ్లకి, మూడోది పడవల వాళ్లకి. మొదటి పేరా ఎవరూ చదవరు. రెండో పేరా చదివేవాళ్లు ఒక్క అంకె అటూ ఇటూ అయినా ఫోన్ చేసి నిలదీస్తారు. మూడో పేరా చదివేవాళ్లు పెదవి విరిచి పక్కన పడేసి, తమకి నమ్మకమున్న మనిషినెవరినైనా అడిగి బయల్దేరతారు.

అలా నమ్మకమున్న మనిషి ఒకావిడ మా కింద పనిచేసేది. ఆమె గురించి నేను రాయడం న్యాయం కాదు. కానీ నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు, అందుకని రాస్తున్నాను.

ఆమెను అందరం దూరాలమ్మ అనేవాళ్లం, ఎదురుగా కూడా. ఆమె ఉద్యోగమే అది, ఎంత దూరం కనిపిస్తోందో చూసి చెప్పడం. ఆ విమానాశ్రయాన్ని పెద్దగా ఊహించుకోవద్దు. రోజుకి రెండుసార్లు చిన్న విమానం దిగి లేచే ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, దాని వెనక దిబ్బ మీద రెండు గదుల పరిశీలన కేంద్రం. గది పక్క నుంచి డాబా మీదికి ఇనుప మెట్లు. మెట్ల మొదట్లో గోడకి ఒక బోర్డు. ట్యాంకు ఒక కిలోమీటరు, ఇటుకబట్టీ చిమ్నీ మూడు, లైట్‌హౌస్ ఎనిమిది, కొండ పదిహేను. డాబా ఎక్కి చూడాలి. వాటిలో కనిపించే చిట్టచివరిది ఏదో అదే ఆ పూట అంకె. గాలికీ వానకీ వేడికీ పరికరాలున్నాయి గానీ దూరానికి మాత్రం ఉన్నవి ఆవిడ రెండు కళ్లే.

ఇరవై తొమ్మిదేళ్లు ఆ మెట్లెక్కింది. మనిషి సన్నగా, మాట ముక్కుసూటిగా ఉండేది. కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా కిందనుంచే తొంగిచూసి అంకె వేస్తే అక్కడికక్కడే కడిగేసేది. ఊహించి రాయడానికైతే జీతమిచ్చి మనిషిని పెట్టడమెందుకు, ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చుగా అనేది. లోకంలో ప్రతిదాన్నీ ఆ బోర్డుతోనే కొలిచేది. షెడ్డు పక్క టీ కొట్టాయన చక్కెర తక్కువేస్తే, తీపి ట్యాంకు దాకా కూడా రాలేదయ్యా అనేది. బంధువుల్లో ఒకాయన గొప్పలు చెబుతుంటే ఓపిగ్గా విని, ఈయన కొండ దాటిపోయాడు, ఇక నాకు కనపడడు అని లేచి వచ్చేసిందట. ఫోన్లో నాతో కూడా అలాగే. నా అంచనా తప్పిన రోజున, ఈ పూట ఎక్కడిదాకా వెళ్లొచ్చారు సార్ అని అడిగేది. నాకు ఒళ్లు మండేది. నవ్వూ వచ్చేది.

పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఆమెకు పదహారు, తమ్ముడికి నాలుగు. వాడికి అన్నం కలిపి పెట్టిందీ, బడిలో దింపిందీ, బడి ఎగ్గొడితే వీపు మీద రెండు వేసిందీ ఆమే. వాడు చదువుకి దణ్ణం పెట్టేసి పడవ పట్టాడు. ఎదురుగా ఉన్న దీవికి రోజూ సరుకులు చేరవేసేవాడు. రొట్టెలు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు, ఉత్తరాలు. పెళ్లయింది, ఒక ఆడపిల్ల. ఒకే ఇంట్లో ముందు భాగంలో వాళ్లు, వెనక గదిలో ఈమె. మరదలు ఈమెను వదినా అని పిలిచేది గానీ అత్తగారికిచ్చే భయమూ భక్తీ ఇచ్చేది.

జెట్టీ దిబ్బ కిందే ఉంది. కానీ జెట్టీ మీద నిలబడితే దీవికీ ఒడ్డుకీ మధ్య ఉన్న సముద్రపు కాలువ కనపడదు. అలలు కొట్టకుండా కట్టిన రాళ్లగట్టు అడ్డం. ఆ గట్టు మలుపు తిరిగితే గానీ అవతల నీళ్లెలా ఉన్నాయో తెలీదు. దిబ్బ మీద డాబా నుంచైతే కాలువంతా పరిచినట్టు కనిపిస్తుంది, దీవి కొసన లైట్‌హౌస్ దాకా. అందుకని తమ్ముడు రోజూ పొద్దున ఆరుంపావుకి ఫోన్ చేసేవాడు. లైట్‌హౌస్ కనిపిస్తోంది వెళ్లు అంటే వెళ్లేవాడు. కనిపించడం లేదు అంటే టీ తాగుతూ కూర్చునేవాడు. మా మూడో పేరా ఏనాడూ చదివిన పాపాన పోలేదు. అక్క ఉండగా ఆ కాగితాలు మనకెందుకు అనేవాడట.

ఆ ఏడాది వానలు వెనకపట్టాక ఆమె పంపే అంకెలు తగ్గడం మొదలెట్టాయి. ఎప్పుడూ పదిహేను ఉండే చోట ఎనిమిది, ఎనిమిది ఉండే చోట మూడు. వారం, రెండు వారాలు, అలాగే. ఆమె అంకెను అనుమానించడం మా ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు. ఈసారి ఆ తీరంలో మసక ముందుగానే మొదలైంది, ఉదయం ప్రయాణాలు ఆలస్యం కావచ్చు అని అంచనాలో మూడు పేరాల్లోనూ రాసి పంపేశాను. తీరా చూస్తే ఆకాశం అద్దంలా ఉంది. విమానాల వాళ్లు ఫోన్ చేసి, మా పైలట్లకి కనిపించే కొండ మీకు ఎందుకు కనిపించడం లేదు అని అడిగారు. పడవల వాళ్లు అడగను కూడా లేదు, నవ్వుకున్నారు. పెద్దాయన నన్ను పై గదికి పిలిచి అరగంట వాయించారు.

ఆ కోపం ఎక్కడో దించుకోవాలిగా. ఆమెకు ఫోన్ చేశాను. చుట్టుపక్కల నాలుగు కేంద్రాల్లో తేటగా ఉంటే మీ దిబ్బ మీదొక్కచోటే మసకేంటండీ, ఓసారి కళ్లు తుడుచుకుని చూడండి అన్నాను. వేళాకోళంగానే అన్నాను. ఎప్పుడూ తిరిగి నాలుగంటించే మనిషి ఆ రోజు సరే సార్ అని పెట్టేసింది.

నాలుగు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిందట. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేస్తే పోతాయి, కానీ ఒక్కో కంటికీ మూడు వారాల సెలవు కావాలి. ఇన్నాళ్లూ తన కంట్లో ఉన్న మసకను ఆకాశానికి రాశానని చెప్పింది. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆమె అంత చిన్నగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలీదు.

నేను చేయాల్సింది ఒక్కటే. వెంటనే సెలవు పెట్టించి ఇంకొకర్ని పంపాలి. పంపడానికి మనిషి లేడు. పైగా అప్పటికే మనుషులు చూసే కేంద్రాలు ఎత్తేసి యంత్రాలు బిగించాలని ఒక జాబితా తిరుగుతోంది. ఆమె ఆరు వారాలు లేకపోతే ఆ దిబ్బ జాబితాలో మొదటికి వస్తుంది. అది ఆమెకీ తెలుసు. ఆమె మంచికే చెబుతున్నానని నాకు నేను చెప్పుకుని ఇలా అన్నాను.

"థర్మామీటరు అర డిగ్రీ తేడా చూపిస్తే పారేస్తామా? తేడా ఎంతో కనుక్కుని, ఆ సవరణ రాసిన కార్డు అంటించి వాడుకోమా? మీ కన్నూ అంతే అనుకోండి. ఈ సీజను గడిచాక ఆపరేషన్ చేయించుకుందురు గాని."

ఆ మాట వేరే ఎవరితో అన్నా నవ్వి ఊరుకునేవాళ్లు. మాలాంటి వాళ్లకి అది వేదవాక్కు. ప్రతి పరికరానికీ ఒక దోషముంటుంది, దాని కొలత తెలిస్తే చాలు, దోషమున్న పరికరం కూడా నిజమే చెబుతుంది. మేం మా జీవితాల్ని అలాగే గడిపాం. చూస్తాను సార్ అంది.

చూసింది. శ్రద్ధగా చూసింది. పొద్దున్నే డాబా ఎక్కి తనకేది కనిపిస్తోందో గుర్తుపెట్టుకునేది. ఆ రోజుల్లో తమ్ముణ్ణి గట్టు మలుపు దగ్గర నువ్వే చూసుకుని వెళ్లమనేది. వాడు దీవి చేరాక ఫోన్ చేసి, దారిలో ఎలా ఉందిరా, లైట్‌హౌస్ ఎక్కణ్ణుంచి కనిపించింది అని ఆరా తీసేది. వాడికి కారణం చెప్పలేదు. ఆ రెండూ పోల్చుకునేది. పదకొండు రోజులు పోల్చింది. పదకొండు రోజులూ ఒకే లెక్క తేలింది. తనకి చిమ్నీ కనిపించిన రోజున నిజంగా లైట్‌హౌస్ కనిపిస్తోంది. పన్నెండో రోజు నుంచి చిమ్నీ కనిపిస్తే ఎనిమిది అని రాయడం మొదలుపెట్టింది. తమ్ముడు ఫోన్ చేస్తే లైట్‌హౌస్ కనిపిస్తోంది వెళ్లు అనడం మొదలుపెట్టింది. అంకెలు చుట్టుపక్కల కేంద్రాలతో చక్కగా కలిసిపోయాయి. పెద్దాయన శాంతించారు. నేను ఊపిరి పీల్చుకుని, సవరించిన అంచనా ఒకటి పంపాను.

ఆ సవరించిన అంచనాలో మూడో పేరా మొదటి వాక్యం ఏటా రాసేదే. ఈ రోజుల్లో నీళ్లింకా ఎండాకాలపు వేడి మీదే ఉంటాయి, రాత్రి నేల మీద చల్లబడిన గాలి వాటి మీదికి జారితే నేలంతా తేటగా ఉన్నా కాలువ మీద మాత్రం పొగమంచు గోడ కట్టినట్టు లేస్తుంది, జాగ్రత్త. నా చేత్తోనే రాశాను. రాస్తున్నప్పుడు నాకు చిమ్నీ గుర్తు రాలేదు. చిమ్నీ నేల మీద ఉంది. లైట్‌హౌస్ నీళ్ల అవతల ఉంది.

ఆ రోజు పొద్దున ఆమెకు ట్యాంకు స్పష్టంగా కనిపించింది. చిమ్నీ కూడా అంచులతో సహా కనిపించింది. దాని అవతలంతా తెల్లగా ఉంది. ఆమెకు చిమ్నీ అవతల వారాల తరబడి రోజూ తెల్లగానే ఉంటోంది. ఎనిమిది అని రాసింది. ఆరుంపావుకి ఫోన్ మోగింది. చెప్పాల్సింది చెప్పింది. ఏడున్నరకి విమానం ఏ ఇబ్బందీ లేకుండా దిగింది. నేల మీద ఎండ కాసింది. నా మొదటి రెండు పేరాలూ నూటికి నూరు పాళ్లు నిజమయ్యాయి, మూడోదానిలో మొదటి వాక్యం కూడా.

గట్టు మలుపు దగ్గర తమ్ముడికి ఇంకో పడవాయన ఎదురొచ్చాడు. వల వేయడానికి వెళ్లి మంచు చూసి తిరిగొస్తున్నాడు. తర్వాత విచారణలో అతను చెప్పింది నేనే రాసుకున్నాను. ముందుకెళ్లొద్దు, చాచిన చెయ్యి కనపడట్లేదు అని కేకేశానన్నాడు. అవతలి పడవలోంచి జవాబొచ్చిందట.

"మా అక్కకి లైట్‌హౌస్ కనిపిస్తోందన్నా. ఇది పలచనిదే, దాటేస్తే అయిపోతుంది."

అతనికి ఆ మాట నమ్మబుద్ధయిందట. దూరాలమ్మ చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది, నేనే తొందరపడి వెనక్కొచ్చానేమో అని కాసేపు సిగ్గుపడ్డాడట కూడా. కాలువ మధ్యలో ఇసుక తవ్వే యంత్రాన్ని కట్టి ఉంచిన పెద్ద బల్లకట్టు ఉంది. పడవ నేరుగా వెళ్లి దాన్ని గుద్దుకుంది. మంచు పది గంటలకి విడిచింది. అప్పటికి గ్యాస్ సిలిండర్లు తేలుతూ గట్టు దాకా వచ్చేశాయి. మనిషి మర్నాడు దొరికాడు.

నన్నే విచారణకి పంపారు. ఆఫీసులో ఆ తీరం గురించి తెలిసినవాణ్ణి నేనే కదా. ఇంకెవరైనా వస్తే ఆమె కళ్ల సంగతి బయటికొస్తుంది, దాని వెనకే నా ఫోన్ సంగతీ వస్తుంది. అందుకని నేనే అడిగి వెళ్లానని ఒప్పుకుంటే పోలేదా. వెళ్లాను. ఆమె డాబా మీద నిలబడి ఉంది. నన్ను చూసి కిందికి వచ్చి, నాకు చిమ్నీయే కనిపించింది సార్, రాసుకోండి అంది. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మొహం అది. నేను కలం మూసి, పొగమంచు అకస్మాత్తుగా కమ్మింది, ముందుగా చెప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు అని రాస్తానన్నాను. ఆమె వద్దంది. మీ మరదలికీ ఆ పిల్లకీ ఇప్పుడున్న దిక్కు మీరొక్కరే, మీ మాట తప్పయిందని తెలిస్తే ఆ ఇంట్లో ఎవరు మిగుల్తారు అన్నాను. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి మళ్లీ డాబా మెట్లెక్కింది. నా బుద్ధి ఎంత నీచంగా పనిచేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమెకు నొప్పి ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి నొక్కాను.

అంతా అకస్మాత్తు అనే నమ్మారు. మరదలు అందరికంటే ఎక్కువగా నమ్మింది. పెద్ద కర్మలన్నీ అయ్యాక, వదిన గోడ పట్టుకుని నడవడం చూసి తనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఏడ్చి ఏడ్చి పాడయ్యాయనుకుంది పాపం. ఒక కన్ను, నెల తర్వాత రెండో కన్ను. పక్కనే కూర్చుని, తలకి నీళ్లు తగలకుండా చూసుకుని, వేళ తప్పకుండా చుక్కలేసింది. తమ్ముణ్ణి పెంచిన మనిషికి ఆ తమ్ముడి భార్య కంటికి రెప్పలా కాపలా కాసింది.

రెండో ఆపరేషన్ అయిన వారానికి నేను వాళ్లింటికి వెళ్లాను. నివేదిక మీద ఆమె సంతకం కావాలి. పొద్దున పది గంటలవేళ. వెనక గదిలో దూరాలమ్మ మంచం మీద పడుకుని ఉంది. మరదలు మంచం పట్టె మీద కూర్చుని చుక్కలు వేస్తోంది. తలుపు తెరిచి ఉంది. గుమ్మంలోంచి చూస్తే రెండిళ్ల సందులోంచి కాలువా, దాని అవతల లైట్‌హౌస్ తెల్లగా కనిపిస్తున్నాయి. ఎడమ కంట్లో చుక్క పడ్డాక దూరాలమ్మ తల తిప్పి అటు చూసింది. చాలాసేపు చూసింది. ఆ గదిలోంచి అది కనిపిస్తుందని తను మర్చిపోయినట్టుంది. నేను చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాను.

"ఆ రోజు నేను లైట్‌హౌస్ చూళ్లేదమ్మా," అంది మరదలితో. "నా కళ్లకి అప్పటికే శుక్లాలున్నాయి. చిమ్నీ చూసి, అదీ కనిపిస్తున్నట్టే అని లెక్కేసి వాడికి చెప్పాను."

మరదలి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆమె వదిన వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"ఇది మీకు ముందే తెలుసా సార్?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు. తెలీదమ్మా అన్నాను. దూరాలమ్మ నన్ను చూసింది. నా బండారం బయటపెట్టడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు. నా మీద దయతో కాదు, తన తప్పులో ఇంకొకరికి వాటా ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు. మరదలు మళ్లీ ఇటు తిరిగి, వదిన కుడి కంటి రెప్ప వేలితో జాగ్రత్తగా పైకెత్తి, ఆ కంట్లో కూడా చుక్క వేసింది. చెంప మీదికి జారింది పైటకొంగుతో తుడిచింది. సీసాకి మూత బిగించి, మంచం పక్క బల్ల మీద పెట్టి, ముందు భాగంలోకి వెళ్లి మధ్య తలుపు వేసుకుంది. లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడైంది.

కాసేపటికి దూరాలమ్మ లేచి కూర్చుంది. నివేదిక సంగతి ఇద్దరం ఎత్తలేదు. బల్ల మీద తడిమి ఆసుపత్రి చీటీ తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఆపరేషన్ అయిన కళ్లు దూరం చూస్తాయి, అక్షరాలకి వేరే అద్దాలు కావాలి. అవింకా చేయించలేదు. చీటీ నాకు అందించింది.

"రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలో కాస్త చదివి చెప్పండి సార్. ఇన్నాళ్లూ తనే చూసుకుంది, నేనెప్పుడూ అడగలేదు."

నాలుగుసార్లు, ఇంకా అయిదు వారాలు అని చదివి చెప్పాను.